మెయిల్లో లింకును వెనక నుంచి చదవాలి

రిటర్నుల సీజన్లో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఏ ఆడిటరు ఆఫీసులో చూసినా ఒక్క కంప్యూటర్లో పదుల మంది క్లయింట్ల మెయిల్ ఐడీలు తెరిచి ఉంటాయి. వాటిల్లో ఏదో ఒకదానికి ఇట్లాంటి మెయిలు రానే వస్తుంది: "మీకు రూ. 18,430 రీఫండు మంజూరైంది. 24 గంటల్లోగా ఖాతా ధ్రువీకరించకపోతే రద్దవుతుంది." పైన మూడు సింహాల ముద్ర. కింద నీలం అక్షరాల్లో, గీత గీసి, ఆదాయపన్ను శాఖ పోర్టల్ చిరునామా. ఒక్క అక్షరం తేడా ఉండదు. ఆ రాసింది నిజంగా శాఖ చిరునామానే. దాని మీద నొక్కితే పోయేది మాత్రం ఇంకెక్కడికో.

అదెట్లాగంటే, మెయిల్లో లింకంటే రెండు ముక్కలు. కంటికి కనపడే రాత ఒకటి, నొక్కితే తీసుకుపోయే చిరునామా ఇంకొకటి. రెండూ ఒకటే అయ్యుండాలన్న రూలు ఎక్కడా లేదు. "ఇక్కడ నొక్కండి" అనే మాట వెనక చిరునామా దాగినట్టే, శాఖ వాళ్ల అసలు చిరునామా వెనక దొంగ చిరునామా దాగొచ్చు. బటన్లూ బొమ్మలూ కూడా అంతే. అందుకని పైరాత ఎంత శుభ్రంగా ఉన్నా లెక్కలోకి రాదు. చూడాల్సింది వెనకున్నది, అందులోనూ ఒక్క చోటు. ఆ చోటు పట్టుకోవడం చేతనైతే లోగోలూ స్పెల్లింగులూ పంపినవాడి పేరూ చూసి తల బద్దలు కొట్టుకునే పని చాలావరకు తప్పుతుంది.

(చిరునామాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ తెర మీద ఇంగ్లీషులో ఉంటాయి. చుక్కలు, గీతలు మాత్రం ఎక్కడివక్కడే.)

ముందు దాన్ని బయటికి లాగాలి

కంప్యూటర్లో అయితే మౌసు బాణాన్ని లింకు మీదకు తెచ్చి ఆపండి, నొక్కొద్దు. బ్రౌజరు కిటికీలో ఎడమ వైపు అట్టడుగున చిన్న పట్టీలో అసలు చిరునామా వస్తుంది. కొన్నిసార్లు బాణం పక్కనే చిన్న డబ్బాలో కూడా ఒక చిరునామా తేలుతుంది. బ్రౌజర్లో మెయిలు చూసేటప్పుడు ఆ డబ్బాను నమ్మొద్దు, అందులో ఏం రాయాలో మెయిలు తయారుచేసినవాడే పెట్టుకోవచ్చు. అడుగు పట్టీ బ్రౌజరు తనంతట తాను చూపించేది. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకున్న అవుట్‌లుక్ సంగతి వేరు, అది అసలు చిరునామాను తనే డబ్బాలో చూపిస్తుంది.

ఫోన్లో లింకును వేలితో నొక్కి పట్టుకోవాలి. ఆండ్రాయిడ్ జీమెయిల్లో చిరునామా, దాంతోపాటు కాపీ చేసుకునే వీలు వస్తాయి. చిరునామా పొడుగైతే చివర తుంచేసి చూపించడం మామూలే, మోసగాళ్లు చిరునామాలను అంత పొడుగ్గా అల్లేది అందుకే. అట్లా తుంచితే కాపీ చేసి నోట్స్ యాప్‌లో అతికించి మొత్తం చూడండి. వాట్సాప్‌లో అతికించొద్దు. ప్రివ్యూ బొమ్మ చూపించడం కోసం అది ఆ పేజీని తట్టి వస్తుంది, అవతలివాడికి ఈ లింకు ఎవరో చూస్తున్నారన్న కబురు అందుతుంది. బ్రౌజర్ అడ్రసు బారులో అతికించడం కూడా వద్దు, అలవాటుగా ఎంటర్ పడిపోతుంది. ఐఫోన్లో నొక్కి పట్టుకుంటే పేజీనే లోడ్ చేసి చూపించే అలవాటు ఒకటుంది. పైన ప్రివ్యూ దాచమనే మాట కనపడుతుంది, ఒకసారి దాన్ని నొక్కితే తర్వాత్నుంచి చిరునామా ఒక్కటే వస్తుంది.

వేలు వణికే పెద్దవాళ్లకు ఈ నొక్కి పట్టుకునే పని చెప్పకపోవడమే మంచిది. వాళ్లు పట్టుకుందామని తాకితే లింకు తెరుచుకుంటుంది. వాళ్లకు వేరే దారి ఉంది, కిందికి వచ్చాక చెప్తాను.

మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, వెనక్కి

చిరునామా దొరికింది. మొదట్లో హెచ్‌టీటీపీఎస్, దాని పక్కన రెండు చుక్కలు, జంట స్లాష్‌లు ఉంటాయి. వాటిని దాటండి. తర్వాత వచ్చే మొట్టమొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగండి. స్లాష్ లేకుండా ప్రశ్నార్థకమో హ్యాష్ గుర్తో ముందొస్తే అక్కడే ఆగండి. అక్కణ్నుంచి కుడికి ఉన్నదంతా వదిలేసి, ఎడమకు నడవండి. మొదట తగిలేది తోక, దాని ముందున్నది యజమాని పేరు. ఆ రెండూ కలిపిందే అసలు ఇల్లు.

ఇది చూడండి:

హెచ్‌టీటీపీఎస్://ఇన్‌కమ్‌ట్యాక్స్.జీవోవీ.ఇన్.రీఫండ్-స్టేటస్.టాప్/ఈఫైలింగ్/లాగిన్

ఎడమ నుంచి చదివితే ఆదాయపన్ను శాఖ. స్లాష్ దగ్గర ఆగి వెనక్కి వస్తే తోక "టాప్", యజమాని "రీఫండ్-స్టేటస్". ముందున్న ఇన్‌కమ్‌ట్యాక్స్, జీవోవీ, ఇన్ అన్నీ ఆ యజమాని తన ఇంటి గదులకు పెట్టుకున్న పేర్లు. సొంత గదికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. హైదరాబాదులో సందుకో "నెల్లూరు మెస్" బోర్డు ఉంటుంది. బోర్డు మీద నెల్లూరు అని ఉన్నంత మాత్రాన అది పెన్న ఒడ్డున ఉన్నట్టా? కవరు మీద చిరునామాను పోస్టాఫీసులో కింద నుంచి చదివినట్టు, రాష్ట్రం, జిల్లా, ఊరు, చివర్న తలుపు నంబరు, లింకును కూడా పెద్దదాని నుంచి చిన్నదానికి రావాలి. పెద్దది ఎప్పుడూ కుడి చివర ఉంటుంది.

ఇంకో రకం:

హెచ్‌టీటీపీఎస్://రీఫండ్-స్టేటస్.టాప్/ఇన్‌కమ్‌ట్యాక్స్.జీవోవీ.ఇన్/లాగిన్

శాఖ పేరు ఈసారి స్లాష్ అవతలుంది. అవతలిది అసలు చదవక్కర్లేదు కాబట్టి ఇది సులువు. మూడో రకం కొంచెం తెలివైనది:

హెచ్‌టీటీపీఎస్://ఇన్‌కమ్‌ట్యాక్స్.జీవోవీ.ఇన్@రీఫండ్-స్టేటస్.టాప్

మెయిల్ ఐడీలో ఉండే "ఎట్" గుర్తు మధ్యలో ఉంది చూశారా. మొదటి స్లాష్‌కు ముందు ఈ గుర్తొస్తే, దానికి ఎడమ పక్క ఉన్నది యూజర్ పేరు కింద లెక్క. బ్రౌజరు పోయేది కుడి పక్కనున్న ఇంటికే. మామూలు జనానికి వచ్చే మంచి లింకుల్లో ఆ చోట ఈ గుర్తు ఉండే అవసరం లేదు, కనపడితే మూసేయండి.

శాఖ అసలు లాగిన్ పేజీ ఇట్లా ఉంటుంది: ఈపోర్టల్.ఇన్‌కమ్‌ట్యాక్స్.జీవోవీ.ఇన్, ఆ వెంటనే స్లాష్. ఇంతకీ రీఫండు కోసం కార్డు నంబరు, పిన్ ఇవ్వాల్సిన పనే లేదు. పోర్టల్లో ముందే వ్యాలిడేట్ చేసుకున్న బ్యాంకు ఖాతాకే అది వస్తుంది. అసెస్‌మెంట్ ఇంటిమేషన్ (రిటర్ను పరిశీలించాక శాఖ పంపే లెక్క) కూడా పీడీఎఫ్‌గా మెయిల్‌కు వస్తుంది. దాని పాస్‌వర్డు చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టిన తేదీ. తెరవడానికి ఏ సైటులోనూ లాగిన్ కానక్కర్లేదు.

తోకల్లో తాళం ఉన్నవి, లేనివి

అన్ని తోకలూ ఒకటి కాదు. కొన్ని రెండు ముక్కలుగా ఉంటాయి, అప్పుడు ఆ రెండూ కలిపిందే తోక. జీవోవీ.ఇన్, ఎన్ఐసీ.ఇన్ అనేవి ప్రభుత్వ శాఖలకు తప్ప దొరకవు, ప్రభుత్వ సాంకేతిక సంస్థ ఎన్ఐసీ వాళ్ల చేతిలో ఉంటాయి. ఏసీ.ఇన్ విద్యాసంస్థలది. వీటి సరసన కొత్తగా చేరింది బ్యాంక్.ఇన్. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ సైట్లను ఈ తోక కిందికి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 22న సర్క్యులర్ ఇచ్చింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం రిజర్వు బ్యాంకు స్థాపించిన, హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో ఉన్న ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే. సామాన్యుడికి ఈ మధ్య జరిగిన మేళ్లలో ఇదొకటి అనుకుంటాను, దీని గురించి చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్, హెచ్‌డీఎఫ్‌సీ.బ్యాంక్.ఇన్, ఐసీఐసీఐ.బ్యాంక్.ఇన్, ఇట్లా ఉంటాయి.

ఇక్కడ ఒక చుక్క మీద కథంతా నడుస్తుంది. "ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్" వేరు, "ఎస్‌బీఐబ్యాంక్.ఇన్" వేరు. రెండో దాంట్లో బ్యాంకు అనే మాటకు ముందు చుక్క లేదు, అంటే తోక ఒట్టి "ఇన్". ఒట్టి "ఇన్" తోక డబ్బు కట్టినవాళ్లకు ఎవరికైనా దొరుకుతుంది. "ఎస్‌బీఐ-బ్యాంక్-ఇన్.కామ్" కూడా అంతే. హైఫన్ అనేది పేరులో అక్షరం లాంటిది, చుక్క పని అది చేయదు. చుక్క ఒక్కటే గోడ.

సీవో.ఇన్, ఓఆర్‌జీ.ఇన్, కామ్, టాప్, ఎక్స్‌వైజెడ్ ఇవన్నీ తాళం లేని తోకలు. చిక్కేమిటంటే నిజమైన సంస్థలు కూడా వీటిల్లో ఉన్నాయి. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీది సీవో.ఇన్. ఎల్ఐసీది ఎల్ఐసీఇండియా.ఇన్. నెల్లూరుకు కరెంటిచ్చే సంస్థ సైటు ఏపీఎస్‌పీడీసీఎల్.ఇన్, ఒంగోలు వైపుది ఏపీసీపీడీసీఎల్.ఇన్. దేశం మొత్తానికీ సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ చిరునామా కూడా ఓఆర్‌జీ.ఇన్ తోకతోనే ఉంది, నవ్వాలో ఏడవాలో తెలియదు. కాబట్టి "ప్రభుత్వానిదైతే జీవోవీ ఉంటుంది, లేకపోతే దొంగది" అనే సూత్రం ముప్పావు వంతే నిజం. ఇట్లాంటి వాటికి పాత కరెంటు బిల్లు మీదో, పాలసీ కాగితం మీదో అచ్చైన చిరునామాతో అక్షరం అక్షరం పోల్చుకోవడమే. "ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాం" అనే మెయిలుకైతే ఆ పోలిక కూడా దండగ. బాకీ ఉందేమో మీ సర్వీసు నంబరుతో మీరే చూసుకోండి.

తాళమున్న తోక కనపడ్డా ఒక ప్రశ్న మిగులుతుంది: పనికీ ఇంటికీ పొంతన ఉందా? ఎక్కడో ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయం పాత సైటును హ్యాక్ చేసి అందులో బ్యాంకు లాగిన్ పేజీ పెట్టడం జరిగే పనే. తోక జీవోవీ.ఇన్ అయినా, మత్స్యశాఖ సైటులో మీ నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు అడగడంలో అర్థం లేదు గదా.

రైతుల పథకాలకూ ఇదే లెక్క. 2025 ఆగస్టు 2న దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో అన్నదాత సుఖీభవ మొదలుపెట్టి, పీఎం కిసాన్ వాయిదాతో కలిపి 7,000 రూపాయలు వేశారు. ఇట్లాంటి డబ్బు పడే రోజులు వచ్చాయంటే "ఈకేవైసీ పూర్తి చేయండి" అనే లింకులకు గిరాకీ. పీఎం కిసాన్‌ది పీఎంకిసాన్.జీవోవీ.ఇన్. ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) దించుకోమంటే అది ఏ తోక నుంచి వచ్చినా వద్దు. ఫోన్లో కూర్చుంటే వచ్చే ఓటీపీలన్నీ దానికే అందుతాయి.

అక్షరాల గారడీ గురించి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు "ఆర్" పక్కన "ఎన్" చేరిస్తే చిన్న తెరమీద "ఎమ్" లాగే ఉంటుంది. చిన్న "ఎల్", పెద్ద "ఐ", అంకె ఒకటి, మూడూ అన్నదమ్ములే. "ఓ" బదులు సున్నా. వీటికి మందు, చిరునామాను నోట్స్‌లో అతికించి అక్షరం సైజు పెంచి చూడటం. ఇంకో రకం రష్యన్ లిపిలోని "ఎ"ను ఇంగ్లీషు "ఎ" స్థానంలో పెట్టడం, ఇది కంటికి దొరకనే దొరకదు. 2017లో ఒక పరిశోధకుడు పూర్తిగా రష్యన్ లిపి అక్షరాలతో యాపిల్ పేరును కూర్చి చూపించాక బ్రౌజర్లు జాగ్రత్తపడ్డాయి. అనుమానం వస్తే అలాంటి పేరును "ఎక్స్ ఎన్" అక్షరాలు, రెండు హైఫన్లతో మొదలయ్యే గజిబిజి రూపంలో చూపిస్తాయి. ఇంగ్లీషు పేరున్న బ్యాంకు లింకులో ఆ గజిబిజి కనపడితే దొంగదే. తెలుగులో "భారత్" అనే తోక కూడా ఉంది, దాని కింద తెలుగు పేర్లు నమోదు చేసుకోవచ్చు. అవి కూడా లోపల ఈ రూపంలోనే ఉంటాయి కాబట్టి ఎక్స్ ఎన్ కనపడ్డ ప్రతిదీ మోసమని మాత్రం అనొద్దు.

ఇల్లు మంచిదే, అద్దెకున్నవాడు కాదు

పైన చెప్పిన పద్ధతి పనిచేయని చోట్లు ఉన్నాయి. వెనక్కి చదివితే గూగుల్.కామ్ వస్తుంది, నిజంగా గూగుల్‌దే. కానీ అది గూగుల్ సైట్స్‌లో ఎవరో ఉచితంగా కట్టుకున్న పేజీ, లేదా గూగుల్ ఫారం. ఫారం అడుగున పాస్‌వర్డులు ఇవ్వొద్దని గూగుల్ వాళ్లే రాస్తారు, అక్కడిదాకా కిందికి వెళ్లి చదివేదెవరు? బ్లాగ్‌స్పాట్, వెబ్.యాప్, గిట్‌హబ్.ఐఓ, పేజెస్.డెవ్ లాంటివి కూడా అద్దె ఇళ్లే. ఇంటి ఓనరు పేరు పెద్దదైనంత మాత్రాన లోపలున్నవాడికి పూచీ ఏముంది? బ్యాంకు, పన్ను, ఉద్యోగం పేరుతో వచ్చిన లింకు వీటిల్లోకి పోతే అక్కడితో ఆపేయండి. కాకుటూరు యూనివర్సిటీ పిల్లలకైనా, ఒంగోలు ఇంజనీరింగు పిల్లలకైనా ఆఫర్ లెటర్ పేరుతో వచ్చేది ఎక్కువగా ఈ రకమే: పేరున్న కంపెనీ లోగో, గూగుల్ ఫారం, చివర్లో "రిజిస్ట్రేషన్ ఫీజు".

పొట్టి లింకుల్లో యజమాని కనపడడు. బిట్.ఎల్‌వై లింకైతే చివర ఒక ప్లస్ గుర్తు చేర్చి తెరిస్తే ఎక్కడికి పోతుందో ముందు చూపిస్తుంది. మంచి సంస్థలు పంపే ప్రకటనల మెయిళ్లలో కూడా లింకులు నేరుగా ఉండవు. ఎంతమంది నొక్కారో లెక్కేసుకోవడానికి మెయిళ్లు పంపే మధ్య కంపెనీ చిరునామా మీదుగా తిప్పుతారు. అంటే బ్యాంకు నిజంగా పంపిన మెయిల్లో కూడా ముక్కూ మొహం తెలియని యజమాని కనపడొచ్చు. జనానికి "లింకు చూసి నొక్కండి" అని చెప్పే బ్యాంకులే ఇట్లా పంపడం ఏం న్యాయమో. ఇట్లాంటి లింకును విప్పి చదవడానికి గంట ఖర్చు పెట్టొద్దు. పెద్దవాళ్లకు చెప్పాల్సిన దారి అని ఇందాక అన్నది ఇదే: మెయిల్లో ఏముందో చదవండి, లింకు జోలికి పోవద్దు, బ్యాంకు యాప్ మీరే తెరవండి, లేదా ఒకసారి సరిచూసి బుక్‌మార్క్ చేసుకున్న చిరునామాతో పోండి. నిజంగా పని ఉంటే అక్కడా కనపడుతుంది. గూగుల్లో పేరు కొట్టి మొదట వచ్చింది నొక్కడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, పైన వచ్చేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు కావచ్చు.

మెయిల్లో క్యూఆర్ కోడ్ పెడితే అదీ లింకే. కంప్యూటర్లో మౌసు పెట్టి చూసే వీలు లేకుండా, ఆఫీసు రక్షణ లేని సొంత ఫోన్లోకి మిమ్మల్ని దాటించడం దాని పని. స్కాన్ చేసినప్పుడు కెమెరా చిరునామా చూపిస్తుంది, దాన్నీ వెనక నుంచే చదవండి. హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీ) ఫైలు అటాచ్‌మెంటుగా వస్తే చదవడానికి చిరునామానే ఉండదు. లాగిన్ పేజీ మీ కంప్యూటర్లోనే తెరుచుకుని పాస్‌వర్డు బయటికి పంపుతుంది. ఇన్‌వాయిస్‌ను ఎవరూ హెచ్‌టీఎమ్‌ఎల్‌గా పంపరు.

అడ్రసు బారులో తాళం బొమ్మ ఉందిగదా అంటారు చాలామంది. ఆ తాళం చెప్పేది మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు దారిలో ఎవరూ వినలేరని. అవతల ఉన్నది దొంగైతే దొంగతో రహస్యంగా మాట్లాడినట్టు. ఆ సర్టిఫికెట్లు ఉచితంగా నిమిషాల్లో దొరుకుతున్నాయి, అందుకే క్రోమ్ 2023లో తాళం బొమ్మనే తీసేసింది. అక్షర దోషాలు చూసి పట్టుకోమనే సలహాకు కూడా కాలం చెల్లింది. ఇప్పుడు దొంగ మెయిళ్లలో భాష బ్యాంకు మెయిళ్ల కంటే బాగుంటోంది.

పంపినవాడి ఐడీ సంగతి: పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు, ఐడీలో "ఎట్" తర్వాతి భాగాన్ని పై పద్ధతిలోనే వెనక నుంచి చదవండి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిలు పక్కన మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని, పంపిన ఇంటిని సరిచూసే మూడు పరీక్షలు పాస్ అయ్యాయో లేదో చూపిస్తుంది. ఫెయిల్ అయితే అనుమానించాల్సిందే. పాస్ అయితే తెలిసేది ఇంతే: ఫలానా పేరున్న ఇంటి నుంచి నిజంగానే వచ్చింది. రీఫండ్-స్టేటస్.టాప్ యజమాని కూడా తన సొంత ఇంటి నుంచి పంపితే మూడూ పాసే.

రొయ్యలు, గ్రానైటు, ఇన్‌వాయిస్

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మెయిలు మీద పెద్ద డబ్బు కదిలేది ఎగుమతుల్లో. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల కంపెనీలు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు వాళ్లు విదేశీ కొనుగోలుదార్లతో మాట్లాడేదంతా మెయిల్లోనే. ఇక్కడ మోసం ఒక్క నొక్కుతో అయిపోదు, నెలలు పడుతుంది. మొదట "కొటేషన్ చూడండి" అని ఒక లింకు. నొక్కితే మైక్రోసాఫ్ట్ లాగిన్ లాంటి పేజీ. ఆఫీసులో ఎవరో పాస్‌వర్డు కొడతారు, "పేజీ దొరకలేదు" అని వస్తుంది, మర్చిపోతారు. అవతలివాడు మెయిల్లోకి వచ్చి చప్పుడు చేయకుండా కూర్చుంటాడు. ఏ కంటైనరు ఎప్పుడు కృష్ణపట్నం నుంచో చెన్నై నుంచో కదిలింది, డబ్బు ఎప్పుడు రావాలి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, అన్నీ చదువుకుంటాడు. సరిగ్గా డబ్బు వచ్చే వారంలో కొనుగోలుదారుకు మీ పేరుతో మెయిలు పోతుంది: "ఆడిట్ కారణంగా మా ఖాతా మారింది, ఈసారికి దీంట్లో వేయండి." ఐడీలో ఒక అక్షరం తేడా ఉంటుంది, లేదంటే మీ ఐడీ నుంచే పోతుంది. సరుకు పోతుంది, డబ్బు పోతుంది, తర్వాత తప్పెవరిదని ఇద్దరి మధ్యా గొడవ.

దీనికి లింకు చదవడం సగం మందే. మిగతా సగం, ఖాతా మార్పు అనే మాట వచ్చినప్పుడల్లా ఫోను చేయడం, అదీ మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు, పాత ఒప్పందం కాగితం మీదున్న నంబరుకు. ఈ సంగతి కొనుగోలుదారుకు కూడా ముందే రాతపూర్వకంగా చెప్పి పెట్టాలి, ఎందుకంటే డబ్బు పంపేది ఆయన. మేతల డీలర్లకూ హేచరీల వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండంచెల ఓటీపీ పెట్టుకున్నాం, మాకేం భయం అనొద్దు. దొంగ పేజీ మధ్యలో కూర్చుని, మీరు కొట్టిన పాస్‌వర్డునూ ఓటీపీనీ అదే క్షణంలో అసలు సైటుకు అందించి లోపలికి పోగలదు. పాస్‌కీ (పాస్‌వర్డు బదులు ఫోను లాకుతోనే లాగిన్ అయ్యే పద్ధతి) అయితే అట్లా కుదరదు, అది సైటు అసలు పేరుకు కట్టి ఉంటుంది. పాస్‌వర్డ్ మేనేజర్ కూడా మంచి కాపలాదారు. ఎప్పుడూ తనే నింపే చోట ఈసారి నింపడం లేదంటే పేరు తేడా ఉన్నట్టు. ఆ సమయంలో విసుక్కుని చేత్తో టైపు చేసినవాళ్లే ఎక్కువగా దొరికిపోయేది. "గూగుల్‌తో లాగిన్ అవ్వండి" అని పేజీలో చిన్న కిటికీ తెరుచుకుంటే దాన్ని మౌసుతో పట్టుకుని బ్రౌజరు అంచు దాటించి లాగి చూడండి. అసలు కిటికీ బయటికి వస్తుంది. అంచు దగ్గరే ఆగిపోతే అది పేజీలో గీసిన బొమ్మ.

నొక్కేశాక

నొక్కి, ఏమీ కొట్టకుండా, ఏదీ దించుకోకుండా మూసేస్తే చాలావరకు భయం లేదు. ఫోను, బ్రౌజరు అప్‌డేట్ చేసుకోండి. పాస్‌వర్డు కొట్టి ఉంటే ఇంకో ఫోన్లోంచో కంప్యూటర్లోంచో వెంటనే మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. అదే పాస్‌వర్డు ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చాలి. నెట్ సెంటర్లో కూర్చుని మార్చడం మాత్రం వద్దు.

డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను, వెంటనే బ్యాంకుకు, తర్వాత సైబర్‌క్రైమ్.జీవోవీ.ఇన్‌లో ఫిర్యాదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటేలోపే ఆపాలి గనుక స్టేషనుకు పోయి కాగితం రాయడం తర్వాత చూసుకోవచ్చు. విదేశాల నుంచి రావాల్సిన డబ్బైతే కొనుగోలుదారు తన బ్యాంకుకు అదే గంటలో చెప్పి వెనక్కి పిలవమనాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం పాస్‌వర్డో ఓటీపీయో మీరే ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ ఖాతాలో నష్టం, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అందుకని ఫోను చేసిన టైము, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

మెయిల్ ఐడీ పాస్‌వర్డు పోయినవాళ్లు చాలామంది మార్చేసి ఊరుకుంటారు. దొంగ అప్పటికే లోపల కిటికీ తెరిచి పెట్టి ఉండొచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగుల్లోకి పోయి మూడు చోట్లు చూడండి. ఫార్వర్డింగ్ ట్యాబులో తెలియని ఐడీ ఉందేమో. ఫిల్టర్లలో "ఇన్‌వాయిస్", "పేమెంట్", "బ్యాంక్" అనే మాటలున్న మెయిళ్లను నేరుగా చెత్తబుట్టకో ఆర్కైవ్‌కో పంపే రూలు ఉందేమో. ఆ రూలు ఉన్నంతకాలం కొనుగోలుదారు "ఖాతా ఎందుకు మార్చారు?" అని అడిగినా మీ ఇన్‌బాక్సులో కనపడదు. మూడోది గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో, మీ మెయిలు చదవడానికి అనుమతి తీసుకున్న బయటి యాప్‌ల జాబితా. అట్లాంటి యాప్‌కు ఒకసారి "అలౌ" కొట్టి ఉంటే, పాస్‌వర్డు మార్చడం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పేరు తెలియని ప్రతిదానికీ అనుమతి తీసేయండి.